కారుకి పొద్దుటి జ్వరం

చిరంజీవి అబ్బాయికి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. నేను మాత్రం క్షేమంగా లేను.

నిన్న కారు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఇన్నేళ్ళలో ఎన్ని ఎర్రదీపాలు వెలిగినా పరుగెత్తి ఏదో ఒకటి చేశాను గానీ చేతులు కట్టుకుని కూచోలేదు. ఇదేమో ఏం జబ్బో చెప్పదు, ఊరికే వెలుగుతుంది.

అంతకన్నా పెద్ద దెబ్బ మీ బాబాయి కొట్టాడు. దీపం చూసి మొహం పాలిపోయి, ‘ఈ బండి అమ్మేద్దాం’ అన్నాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి, ఒక్క పసుపు దీపానికి బండి అమ్మేయడమేమిటి? నేనడిగితే, రైలు వేరు, కారు వేరు అంటాడు. అది నిజమే. డ్రైవింగు స్కూల్లో ఇద్దరం కలిసే చేరాం కదా, పరీక్షలో నేను మొదటిసారే నెగ్గాను. ఆయన మలుపు దగ్గర ఎవరో వచ్చి పట్టాలు మారుస్తారన్నట్టు నిటారుగా కూచుని నేరుగా పూలమొక్కల్లోకి పోనిచ్చాడు. అప్పట్నించీ కారంటే ఆయనకి గిట్టదు. నేనే తీసుకెళతానన్నా ఎక్కడు.

మాటా మాటా పెరిగింది. దీపం ఆరి ఆరినట్టే ఉంటే బండి ఉంటుంది, మళ్ళీ వెలిగితే అమ్మకానికి పెడదాం అన్నాడు. నేను నోరు జారి సరే అన్నాను. అబ్బాయ్, డ్యూటీ దిగి వానలో బస్సు కోసం నించుని నించుని వాచిన కాళ్ళు నావి. ఈ కారు పోతే నేను మళ్ళీ ఆ బస్టాపులోకే పోవాలి. అది నావల్ల కాదు.

కారులో జబ్బేమిటో చదివి చెప్పే కోడ్ రీడర్లు మీ షాపులో అమ్ముతారని మీ అమ్మ చెప్పింది. వాటిలో ఏది కొనాలో రాయి.

ఇట్లు,
పిన్ని

తా.క.: ఫోను చేయకు. ఫోను మోగితే మీ బాబాయి వచ్చి పక్కనే కూచుంటాడు. ఉత్తరమైతే కవరు అతికించుకోవచ్చు.

తా.క. 2: కవరు అతికిస్తుంటే కూడా వచ్చి కూచున్నాడు.

---

పిన్నికి నమస్కారాలు.

స్పేర్ పార్టుల కౌంటరు వెనక నిలబడి ఇన్నాళ్ళూ ఎవరెవరికో సలహాలు చెప్పాను, సొంత పిన్ని అడగడం ఇదే మొదలు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

రీడర్లు మూడు రకాలు. మొదటిది అరచేతిలో పట్టే చిన్నది. స్టీరింగు కింద సాకెట్లో గుచ్చితే ఒక అంకె చూపిస్తుంది, దాని అర్థం పుస్తకంలో చూసుకోవాలి. రెండోది సాకెట్లో గుచ్చి వదిలేసే బుడిపె, వివరాలన్నీ ఫోనులోకి పంపుతుంది. మూడోది పెద్ద తెర ఉన్నది. జబ్బు పేరుతో పాటు ఇంజను వేడి, బ్యాటరీ బలం, ట్యాంకులో పెట్రోలు, అన్నీ అప్పటికప్పుడు చూపిస్తుంది. ఇంట్లో వాడకానికి అంత అక్కర్లేదు. చిన్నదే పంపుతున్నాను.

దానిమీద ‘చెరుపు’ అనే మీట ఉంటుంది. అది నొక్కితే దీపం ఆరుతుంది కానీ జబ్బు నయమైనట్టు కాదు. దయచేసి గుర్తుంచుకో.

ఇట్లు,
నీ అక్క కొడుకు

తా.క.: పెట్రోలు ట్యాంకు మూత సరిగ్గా బిగించకపోయినా ఈ దీపం వెలుగుతుంది. చాలామంది ఆడవాళ్ళు ఈ పొరపాటు చేస్తారు.

---

అబ్బాయికి,

ఆశీస్సులు ఈసారికి సగమే. మిగతా సగం నీ తాజాకలం చదివాక వెనక్కి తీసుకున్నాను. ఆక్సిజన్ సిలిండర్లు బిగించిన చెయ్యి రా ఇది. మూత టక్‌మని మూడుసార్లు అనేదాకా తిప్పుతాను. ఆ మూత మాట మళ్ళీ ఎత్తావంటే మీ షాపుకే వచ్చి అక్కడున్న మూతలన్నీ బిగించి చూపిస్తాను.

ఇక అసలు సంగతి. చిన్న రీడరు అంకె చూపించింది. పుస్తకంలో చూస్తే పెట్రోలు ఆవిరి ఎక్కడో కారిపోతోందని ఉంది. నువ్వు వద్దన్నా చెరుపు మీట నొక్కాను. దీపం ఆరింది. మీ బాబాయిని చెయ్యి పట్టుకు లాక్కొచ్చి చూపించాను. ఆయన సంతోషిస్తాడనుకోలేదు, కనీసం ఏడుస్తాడనుకున్నాను. నిజంగానే సంతోషించాడు. హమ్మయ్య అన్నాడు. తర్వాత నెమ్మదిగా, ఈ వస్తువు ఇంకా ఏమేం చెబుతుంది, బండి ఎవరు నడిపారో కూడా చెబుతుందా అని అడిగాడు. నాకు నవ్వొచ్చి, ‘అన్నీ చెబుతుంది’ అన్నాను. ఆ పూట ఆయన అన్నం సగం వదిలేశాడు.

నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదోరోజు దీపం మళ్ళీ వెలిగింది. ఇంకొక్కసారి అవకాశం ఇమ్మని బతిమాలాను. ఆయన తల దించుకుని, పాత కార్లు కొనే వ్యాపారితో మాట్లాడాను, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వస్తాడు అన్నాడు.

ఈ చిన్నది పనికిరాదు. జ్వరముందని చెప్పే వస్తువు నాకెందుకు? ఎంతుందో చెప్పేది కావాలి. ఆ పెద్ద తెరది పంపు.

ఇట్లు,
మూత బిగించడం వచ్చిన మీ పిన్ని

తా.క.: ‘చాలామంది ఆడవాళ్ళు’ అన్న ముక్క మీ అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ నీతో విడిగా మాట్లాడుతుందట.

---

పూజ్యురాలైన పిన్నికి సాష్టాంగ నమస్కారాలు.

అమ్మ మాట్లాడింది. మూత ప్రసక్తి ఈ జన్మలో తీసుకురాను.

పెద్ద రీడరు ఈరోజే పార్సిల్లో వేశాను, ఉత్తరం విడిగా వస్తోంది. రీడరు ముందొస్తే ఉత్తరం వచ్చేదాకా ముట్టుకోకు. ఎందుకంటే ఇంజను నడిచేటప్పుడు తొంభై డిగ్రీలు చూపిస్తుంది. అది జ్వరం కాదు, ఆరోగ్యం. రాత్రంతా నిలబెట్టిన బండి మాత్రం పొద్దున్నే బయట గాలి ఎంత చల్లగా ఉందో అంత చల్లగానే ఉండాలి.

ఇట్లు,
బుద్ధి తెచ్చుకున్న నీ అబ్బాయి

తా.క.: ఇంకో మాట. రీడరుని సాకెట్లో పెట్టి మర్చిపోకు, బ్యాటరీ తాగేస్తుంది.

---

అబ్బాయికి ఆశీస్సులు.

రీడరు ముందొచ్చింది. నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఈ రెండు రోజుల్లో జరిగింది రాస్తున్నాను, కూచుని చదువు.

కూరగాయల దుకాణానికి వెళ్ళొచ్చి గుచ్చి చూద్దును కదా, తొంభై రెండు! మనిషికైతే ఇంట్లోవాళ్ళకి కబురు పెట్టే జ్వరం అది. వెంటనే బండిని ఇంటి ముందు గోడ పక్కన నిలబెట్టి, తాళంచెవి మెట్ల కింద కొక్కేనికి తగిలించి, సంపూర్ణ విశ్రాంతి అని ఇంట్లో ప్రకటించాను. బానెట్ నిండా తడిగుడ్డలు పరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ.

మర్నాడంతా బండి కదల్లేదు. నేను మేడమీద వెనక గదిలో పడుకుంటానని నీకు తెలుసుగా, మీ బాబాయి గురకకి కింద నిద్ర పట్టదు. ఆ పై రోజు పొద్దున్నే దిగి, తాళం తిప్పి రీడరు చూశాను. డెబ్బై ఎనిమిది! తడిగుడ్డలు మాత్రం పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, కాకపోతే ఎండి అప్పడాల్లా అయిపోయాయి. అప్పుడొచ్చింది నీ ఉత్తరం, నిలబడ్డ బండి చల్లగా ఉండాలంటూ.

రీడరుదే తప్పేమోనని ఎదురింటి ఫొటో స్టూడియో ఆయన కారుకి పెట్టి చూశాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నాడి కూడా చూస్తే గానీ తేడా తెలియదు కదా. దానికి నాలుగు జబ్బులు చూపించింది. పైకి చదివాను. ఆ కారు కొనడానికి వచ్చినాయన పక్కనే నించున్నాడని నాకెలా తెలుస్తుంది? బేరం చెడింది. స్టూడియో ఆయన నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు.

విశ్రాంతిలో ఉన్న బండికి జ్వరమెందుకొస్తుందో వెంటనే రాయి.

ఇట్లు,
పిన్ని

తా.క.: మీ బాబాయి కూడా మొహం తిప్పుకుంటున్నాడు. ఆయన కారుకి నేనేం పరీక్ష చెయ్యలేదు.

---

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం కౌంటరులో పైకి చదివాను. మా షాపు పెద్దాయన టీ తాగడం ఆపేశాడు. రాత్రంతా నిలబడ్డ ఇంజను పొద్దున్నే డెబ్బై ఎనిమిది చూపించడం జరగదు. వేడి కొలిచే సెన్సరు పాడై ఉండాలి. కొత్తది పంపుతున్నాను, ఎవరైనా మెకానిక్కు చేత వేయించు.

అడుగుతున్నానని కోపం తెచ్చుకోకు. అంకెలు కళ్ళద్దాలు పెట్టుకునే చదివావా? ఇరవై ఎనిమిదిని డెబ్బై ఎనిమిది అని పొరబడ్డావేమో.

ఇట్లు,
అబ్బాయి

తా.క.: ఎదురింటాయన కారుకి వచ్చిన ఆ నాలుగు జబ్బుల పేర్లు రాయగలవా? వాటి పార్టులన్నీ మా దగ్గరున్నాయి.

---

అబ్బాయికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

కళ్ళద్దాలా? పుట్టిన పిల్లల బరువు చీకట్లో చేత్తో ఎత్తి చెప్పినదాన్ని నేను. నుదుటి మీద చెయ్యి పెడితే జ్వరమెంతో చెబుతాను. ఈరోజు పొద్దున్న రీడరు చూడకముందే బానెట్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. వేళ్ళకి వెన్న రాసుకోవలసి వచ్చింది. నీ సెన్సరు నా వేళ్ళలో కూడా పాడైందంటావా?

ఇది చాలదన్నట్టు ఇంకో ఘోరం. ఆ తెరలో పెట్రోలెంత ఉందో కూడా చూపిస్తుంది కదా. నిన్న సాయంత్రం ట్యాంకు సగానికి కొంచెం తక్కువుంది. పొద్దున్న చూస్తే సగానికి కొంచెం ఎక్కువుంది. తల తిరిగి మెట్ల మీద కూలబడ్డాను. కదలని బండికి ఒళ్ళు కాలిపోతోంది, పైగా పెట్రోలు పెరుగుతోంది. ఇన్నేళ్ళ సర్వీసులో జ్వరంలో బరువు పెరిగిన రోగిని నేను చూడలేదు.

మీ బాబాయికి చెబితే ఆయనకి పొలమారింది. తేరుకున్నాక, అందుకే అమ్మేద్దామంటున్నాను, ఇది మంచి బండి కాదు అన్నాడు. నాకిప్పుడు నిజంగా భయం వేస్తోంది. అమ్మడానికి మనసొప్పడం లేదు, ఉంచడానికి ధైర్యం చాలడం లేదు. ఆదివారం ఆ వ్యాపారి వస్తాడు.

పిన్ని

తా.క.: ఈ ఉత్తరం కళ్ళద్దాలు పెట్టుకునే రాశాను.

---

పిన్నికి అత్యవసరంగా.

మా షాపు పెద్దాయన నీ కారు తనే కొంటానంటున్నాడు. ఎంతకైనా సరేనట. పెట్రోలు పెరిగే కారు ఈ భూమ్మీద ఇంకోటి లేదంటూ పొద్దుట్నించీ కౌంటరు చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన్ని కూచోబెట్టి నేను ఆలోచించాను.

పిన్నీ, భయపడకు. బండి తెల్లవారకుండానే ఎవరో నడుపుతున్నారు. అందుకే ఆ వేడి. దొంగ రోజూ తీసుకెళ్ళి, అనుమానం రాకుండా పెట్రోలు పోయించి, తెచ్చి పెట్టేస్తున్నాడు. ఆ పెట్రోలు పోయించేటప్పుడు (నేనిప్పుడు చెప్పబోయేది ఏ మూత గురించో నేను చెప్పను) ఒకటి సరిగ్గా బిగించడం లేదు. అందుకే ఆ దీపం. అదీ ఇదీ ఒకే జబ్బు.

నువ్వొక్కదానివే పట్టుకోవడానికి వెళ్ళకు. బాబాయిని ముందు పెట్టుకుని వెళ్ళు. పెద్దపెద్ద రైళ్ళు నడిపిన మనిషి, దొంగ ఆయన్ని చూస్తేనే పారిపోతాడు.

ఇట్లు,
కంగారుతో అబ్బాయి

తా.క.: ఇంత నిజాయితీగా పెట్రోలు పోయించే దొంగ దొరికితే మా షాపు అడ్రసు ఇవ్వు. మాకు డెలివరీకి మనిషి కావాలి.

---

చిరంజీవి అబ్బాయికి,

నిండు ఆశీస్సులు, పాత బాకీతో సహా.

దొంగ దొరికాడు.

నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఇంకా తెల్లవారకముందే లేచి, చేతికి ఇంకేం దొరక్క ఆ పెద్ద రీడర్నే పట్టుకుని కిందికి దిగాను. గోడ పక్కన బండి లేదు. నువ్వు చెప్పినట్టే బాబాయిని ముందు పెట్టుకుందామని ఆయన గదిలోకి పరుగెత్తాను. మంచం ఖాళీ. అబ్బాయ్, నా బుద్ధికి ఆ క్షణంలో ఏం తోచిందో తెలుసా? దొంగ బండితో పాటు మీ బాబాయిని కూడా ఎత్తుకుపోయాడనుకున్నాను. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. కారు గురించి కాదు. ఆ పూట కారు నాకు గుర్తు కూడా రాలేదు.

ఇంతలో వీధి చివర దీపాలు కనిపించాయి. నా కారే. ఎంత నెమ్మదిగా వస్తోందంటే, పక్కన పాలు పోసే అతను సైకిలు మీద దాన్ని దాటి వెళ్ళిపోయాడు. స్టీరింగు వెనక మీ బాబాయి. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఆయన పక్కన ఫొటో స్టూడియో ఆయన. నన్ను చూడగానే సీట్లో కిందికి జారిపోయాడు. ఇన్నాళ్ళూ బేరం చెడగొట్టానని అలిగాడనుకున్నాను, నోరు తెరిస్తే రహస్యం జారిపోతుందని మొహం తిప్పుకున్నాడట.

బండి సరిగ్గా నా ముందుకొచ్చి, కుదుపైనా లేకుండా ఆగింది. స్టూడియో ఆయన తలుపు తీసుకుని తన ఇంట్లోకి పారిపోయాడు. మీ బాబాయి నా వైపు చూడలేదు. ముందున్న రోడ్డు వైపే చూస్తూ అన్నాడు:

‘రెండు నిమిషాలే ఆగుతుంది. ఎక్కితే ఎక్కు.’

అరవాలనే అనుకున్నాను. ఎక్కాను.

రోడ్డు మీద చెప్పాడు అంతా. పరీక్షలో నేను నెగ్గి తను ఓడిపోవడం ఆయనకి మింగుడు పడలేదట. ఎప్పటికైనా మంచి డ్రైవరునయ్యాకే నాకు చూపిద్దామని రోజూ తెల్లవారకముందే ఆ ఎదురింటాయన్ని పక్కన కూచోబెట్టుకుని నేర్చుకుంటున్నాడట. నాకు తెలియకూడదని తడిగుడ్డలు తీసి, వచ్చాక మళ్ళీ అలాగే పరిచేవాడు, వాడినంత పెట్రోలు పోయించేవాడు, ఒక్కోసారి లెక్క తప్పి కాస్త ఎక్కువే. మూత చేత్తో అలా ఆనించి వదిలేసేవాడు. రైలింజనుకి పెట్రోలు పోయించే పని ఈయనకెప్పుడూ లేదు మరి. దీపం వెలగ్గానే ఇంజను తనే పాడు చేశాననుకుని హడలిపోయాడట. నాకు తెలిసేలోగా అమ్మేస్తే నేరం కూడా బండితోపాటే వెళ్ళిపోతుందని ఆ ఎత్తు వేశాడు. నువ్వు పంపిన పెద్ద రీడరు తన పేరు చదివేస్తుందేమోనని వారం రోజులు నిద్రలేదట ఆయనకి. నా చేత తడిగుడ్డలు వేయించి, వేళ్ళు కాల్పించి, దయ్యం పట్టిన బండి అనిపించి, ఎదురుగా కూచుని చూస్తూ ఊరుకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఇంత గుట్టు దాచగలడని నేను కలలో కూడా అనుకోలేదు. కోపం వచ్చింది. బాగా వచ్చింది. రెండు వీధులు దాటేదాకా తిట్టాను.

మూడో వీధిలో తిట్టలేకపోయాను. అబ్బాయ్, మీ బాబాయి నడిపిన రైళ్ళలో నేనెన్నోసార్లు ప్రయాణం చేశాను. ఆయన ఎక్కడో ముందు, నేను ఎక్కడో వెనక, మధ్యలో ఊరంతా. దిగి, జనంలోంచి వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆయన ఇంకో బండి ఎక్కేసేవాడు. నడిపేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టుంటుంది.

ఆదివారం పాత కార్ల వ్యాపారి వచ్చాడు. మీ బాబాయే గుమ్మం దగ్గర ఆపి, ‘బండికేం లేదండీ, లోపమంతా డ్రైవరుదే’ అని చెప్పి పంపించేశాడు. దీపం ఆరింది. ఆరినట్టే ఉంది. ఇప్పుడు రోజూ నా ఎదురుగా నిలబడి మూత బిగిస్తున్నాడు, టక్‌మన్న ప్రతిసారీ నా వైపు చూసి.

ఇట్లు,
మీ పిన్ని

తా.క.: మీ షాపు పెద్దాయనకి కారు అమ్మేది లేదని చెప్పు. డెలివరీ ఉద్యోగం సంగతి మీ బాబాయికి చెప్పాను, ఆలోచిస్తానన్నాడు. మీ సరుకు భద్రత కోరి నేనే వద్దన్నాను.

తా.క. 2: ఆయనకి రివర్సు ఇంకా రాదు. ఇల్లు దాటి ఒక్క గజం ముందుకెళ్ళాడంటే మళ్ళీ ఊరంతా చుట్టి రావలసిందే. నిన్న అలాగే చుట్టాం, ఒకసారి కాదు. నాకేం తొందర లేదు.